కారు ఇంజనులో నీరు తరుగుట – కారణములు, నివారణోపాయములు

మోటారు కారు ఇంజను ఒక అగ్నిగుండము. సిలిండరులో పెట్రోలు మండు క్షణమున అచటి వాయువుల ఉష్ణోగ్రత 2000 సెంటిగ్రేడు డిగ్రీలను మించును. పిస్టనులకు వాడు అల్యూమినియము సుమారు 660 డిగ్రీలకే కరగును. అంతటి వేడిలో ఆ లోహము నిలుచుటకు ముఖ్యకారణము ఇంజను లోపల నిరంతరము తిరుగుచుండు శీతలద్రవము. దీనినే వాడుకలో ‘కూలెంటు’ అందురు. పెట్రోలు వలన పుట్టిన ఉష్ణములో ఇంచుమించు మూడవ వంతును ఈ ద్రవమే బయటికి చేరవేయును. కావున ఇది తరిగిపోవుట ఇంజనునకు ప్రాణాంతకము.

ఈ ద్రవమును ఒక పంపు సిలిండర్ల చుట్టును గల మార్గములలో నడిపించును. వేడెక్కిన ద్రవము రబ్బరు గొట్టము ద్వారా రేడియేటరును చేరి, సన్నని నాళికలలో ప్రవహించుచు, గాలికి తన వేడిని ఒసగి, చల్లబడి తిరిగి వచ్చును. 1901 నాటి మెర్సిడెస్ కారునకు విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన తేనెపట్టు వంటి రేడియేటరు ఈ పద్ధతికి గొప్ప మేలుమలుపు.

రేడియేటరు మూతను అల్పముగా చూడరాదు. అందలి స్ప్రింగు లోపలి పీడనమును, వాతావరణ పీడనము కంటె చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము అధికముగా నిలుపును. పీడనము హెచ్చిన కొలది ద్రవము మరుగు ఉష్ణోగ్రతయు హెచ్చునని భౌతికశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. ఆ పీడనమున శుద్ధజలము 100కు బదులు సుమారు 120 డిగ్రీలకు మరగును. స్ప్రింగు సడలినను, రబ్బరు చీలినను, ఎచటను రంధ్రము లేకున్నను ద్రవము ముందుగనే మరగి వెలికి పోవును.

పూర్వపు కార్లలో పొంగిన నీరు చిన్న గొట్టము గుండా నేలపాలగుచుండెడిది. అందుచే ఉదయమున నీరు పోయుట డ్రైవర్లకు అలవాటయ్యెను. నేటి కార్లలో పొంగిన ద్రవము ప్రక్కనున్న డబ్బాలో చేరి, ఇంజను చల్లారగానే వెనుకకు మరలును. ఇట్టి కారునకు వారమునకొకసారి నీరు పోయవలసి వచ్చుచున్నచో అది రోగలక్షణమే.

రోగనిర్ణయమునకు ఒక క్రమము కలదు. మొదట, చల్లని ఇంజనులో డబ్బాపై గల గీతల మధ్య ద్రవమట్టమును కొన్ని దినములు గమనించి వ్రాసికొనవలెను. రాత్రివేళ కారు క్రింద అట్టముక్కను పరచవలెను. ఏ.సి. నుండి కారు నీరు రంగును వాసనయు లేనిది, దానికి భయపడనక్కరలేదు. కూలెంటు రంగు కలిగి, తాకిన జారుచు, తీపివాసన నొసగును.

రెండవది, గొట్టములను, వాటి క్లిప్పులను, రేడియేటరు అతుకులను, పంపు అడుగుననున్న చిన్న రంధ్రమును పరీక్షింపవలెను. ఎండిన తెల్లని లేక రంగుచారలు కారుట జరిగిన చోటును తెలుపును. కారు లోపల ముందు సీటు పాదముల చెంత తీపివాసన గల తడి కనబడినచో హీటరు చిల్లు పడినదని అనుమానింపవలెను. అప్పటికిని తెలియనిచో, చేతి పంపుతో మూతపై వ్రాసిన పీడనము వరకు గాలి నెక్కింతురు. ముల్లు క్రమముగా దిగినచో ఎచటనో కారుచున్నట్లే.

మూడవది, బయట తడి లేకుండ ద్రవము తరుగుచున్నచో హెడ్ గ్యాస్కెట్టును సందేహింపవలెను. ఇంజను వేడెక్కిన పిమ్మటను వీడని తెల్లని పొగ, మజ్జిగ వలె మారిన ఆయిలు, రేడియేటరులో బుడగలు దీని చిహ్నములు. రసాయనశాస్త్ర విద్యార్థులకు పరిచితమైన బ్రోమోథైమాల్ బ్లూ ఇచట ఉపకరించును. రేడియేటరు పైనున్న వాయువును ఆ నీలిద్రవము గుండా పీల్చగా, అది పసుపుపచ్చగా మారినచో, పెట్రోలు మండగా పుట్టిన బొగ్గుపులుసు వాయువు నీటిలో చేరుచున్నదని రుజువగును.

కారణము తెలిసిన పిదప చికిత్స సులభము. గొట్టము, క్లిప్పు, మూత స్వల్ప వ్యయముతో మార్చవచ్చును. పంపు కారుచున్నచో క్రొత్తది వేయవలెను. ఇత్తడి, రాగి రేడియేటరును మాటువేయవచ్చును. అల్యూమినియము, ప్లాస్టిక్కు కలిసినదానిని తరచుగా మార్చవలసియే యుండును. గ్యాస్కెట్టు పోయినచో హెడ్డును విప్పి, వంగినదేమో చూచి, చదును చేయించి, బోల్టులను నిర్ణీత క్రమమున, నిర్ణీత బలముతో బిగింపవలెను. రంధ్రములను పూడ్చు పొడులు సన్నని నాళికలను సయితము పూడ్చివేయగలవు.

తిరిగి నింపునప్పుడు తయారీదారు సూచించిన కూలెంటును స్వేదనజలముతో కలిపి పోసి, లోపల చిక్కిన గాలిని వెడలింపవలెను. బోరుబావి కఠినజలము, నీరు కాచు పాత్రలో వలె, లోపల సున్నపుపొర కట్టి వేడిని అడ్డగించును. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యని విషము. పసిపిల్లలకు, పశువులకు అందనీయరాదు.

త్రోవలో ముల్లు ఎర్రగీతను చేరినచో కారును ప్రక్కకు నిలిపి, ఇంజను ఆపి, పూర్తిగా చల్లారువరకు వేచియుండవలెను. వేడి మూతను విప్పరాదు. పీడనము తొలగిన క్షణముననే ద్రవము ఆవిరియై ఎగజిమ్మి, ముఖమును, చేతులను కాల్చివేయును. మండు ఇంజనుపై చన్నీరు పోసినచో లోహము పగులును. ద్రవము మరీ అడుగంటినప్పుడు ముల్లు సరిగా చూపకపోవచ్చును. కావున ముల్లు దిగినదని ప్రయాణము సాగింపరాదు.

హకీము నాడిని చూచిన పిదపనే మందు నిచ్చును. హైదరాబాదు మెకానికు షెడ్లలో శిష్యులు గౌరవముతో ‘ఉస్తాద్’ అని పిలుచు నిపుణుడును పానాను చేపట్టుటకు ముందు ఇంజను చుట్టు తిరిగి చూచును. టాక్సీ నడిపి కుటుంబమును పోషించువానికి ఇంజను చెడుట యనగా నెలల తరబడి ఆదాయము పోవుట. చిన్న మూతను సకాలమున పరీక్షించి ఆ నష్టమును తప్పింపగలుగుటయే తరగతిగదిలో నేర్చిన శాస్త్రమునకు సార్థకత.