'మహాప్రస్థానం' గేయంలో అడుగుల చప్పుడు

ఏటా మా హాస్టల్ వార్షికోత్సవంలో ఎవరో ఒకరు శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గేయం చదువుతారు. ఈసారి ఆ వంతు మాలో ఒక తమ్ముడిది. వాడికి మాట తడబడుతుంది. స్టేజీ ఎక్కితే నవ్వుతారని భయం. తీరా చూస్తే, మామూలు మాటలకే తడబడేవాడు ఈ గేయాన్ని మాత్రం గడగడా చదివేస్తున్నాడు! కారణమేమిటోనని స్టడీ అవర్ అయ్యాక కూర్చుని లఘువులు, గురువులు గుర్తించాం.

వృత్తాల్లోలా గణాలు లేవు గనుక గేయానికి ఛందస్సే లేదని అంతవరకు అనుకున్నాం. అది పొరపాటు. శ్రీశ్రీ 1928లోనే 'ప్రభవ' పద్యసంపుటి అచ్చువేసిన కవి. 1934లో పాత లోకాన్ని దాటిపొమ్మని జనాన్ని కదిలించే ఈ గేయం రాసేటప్పుడు మాత్రల నడక పట్టుకున్నారు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున లెక్క కడితే మొదటి పంక్తిలో ఎనిమిదేసి మాత్రల ముక్కలు మూడు, ఆ తర్వాత ఒక పొట్టి ముక్క. రెండో పంక్తీ అంతే. కంచం మీద తాళం వేసి చూశాం, అచ్చం కవాతే!

మొదటి పంక్తిలోని మూడు ముక్కలూ నిజానికి ఒకటే పిలుపు. మూడుసార్లు ఎందుకు? తెల్లవారుజామున మమ్మల్ని లేపేవాళ్లు ఒక్కసారి పిలిచి ఊరుకుంటే ఎవరం లేస్తాం? రెండో పంక్తిలో 'కదలండి' అనే భావం రెండుసార్లు, 'వెళ్దాం' అనేది రెండుసార్లు వస్తాయి. ముందు ఎదుటివారిని కదలమని, వెంటనే తానూ వాళ్లలో కలిసిపోతాడు కవి.

మరి ప్రాస? ఆ రెండు పంక్తుల చివర అంత్యప్రాస లేదు. (ప్రతి పాదం చివరా ప్రాస కుదరాలని మా గోడపత్రిక కవులు పడే అవస్థ చూసి నవ్వొచ్చింది. అందులో మేమూ ఉన్నాం.) ఆ తర్వాత, అడుగులు వేస్తూ పాడుతూ సాగమనే చోట, వరుసగా మూడు ముక్కల్లో రెండో అక్షరం 'దం'. పద్యంలో పాదం పాదానికీ ఉండే ప్రాసను ఇక్కడ ఒకే పంక్తిలో మూడుచోట్ల మోగించారు.

తమ్ముడి రహస్యం ఆ పొట్టి ముక్కలో దొరికింది. అక్కడ ఎనిమిది నిండకుండానే మాట ఆగుతుంది. ఆ ఖాళీలో వాడు ఊపిరి తీసుకుంటున్నాడు. ఇప్పుడు వాడి బెంగల్లా మైకు ఎత్తు గురించే.