పచ్చసొన రంగు ఎందుకు మారుతుంది?

నాటుకోడి గ్రుడ్డంటే పచ్చసొన బంతిపువ్వులా మెరవాలని మనవాళ్ళ నమ్మకం. పోయిన వేసవిలో మా అమ్మ అమ్మిన గ్రుడ్లను ఒకావిడ మర్నాడే వెనక్కి తెచ్చింది. "సొన పాలిపోయి ఉంది. ఫారం గ్రుడ్లు తెచ్చి నాటువని అంటగట్టావు" అని నలుగురిలో అనేసింది. మా పెరట్లో తిరిగేవి నాటుకోళ్ళే. అమ్మ అబద్ధమాడలేదు. మరి సొన ఎందుకు పాలిపోయినట్లు?

సొనకు పసుపు రంగునిచ్చేవి కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు. వాటిలో ల్యూటిన్, జియాజాంథిన్ ముఖ్యమైనవి. వీటిని మొక్కలు తయారుచేసుకోగలవు గాని కోడి చేసుకోలేదు. మేతలో ఎంత దొరికితే అంతే. తిన్న రంగు క్రొవ్వుతో పాటు రక్తంలో కలిసి, అండాశయంలో పెరుగుతున్న సొనను చేరుతుంది. కాబట్టి సొన రంగు కోడి జాతిని చెప్పదు, కోడి ఏం తిన్నదో చెబుతుంది.

పచ్చగడ్డి, తోటకూర, మునగాకు, పచ్చ మొక్కజొన్నలు, బంతిపూల రేకలు – వీటిలో ఈ పదార్థాలు బాగా ఉంటాయి. నూకలు, తవుడు, తెల్లజొన్నలలో దాదాపు ఉండవు. వానలు పడితే పెరడంతా పచ్చగా ఉంటుంది, కోడికి కావలసినంత ఆకు దొరుకుతుంది. ఎండాకాలంలో గడ్డి మాడిపోతుంది, అందులోని రంగూ నశిస్తుంది. ఇక ఇంట్లో వేసే నూకలే గతి. అందుకే అదే పెట్ట శ్రావణంలో ముదురు రంగు సొన, వైశాఖంలో లేత రంగు సొన ఇస్తుంది.

ఒకే ఇంట్లో, ఒకే రోజు పెట్టిన రెండు గ్రుడ్లలో కూడా తేడా ఉండవచ్చు. ఒక పెట్ట చేను గట్ల దాకా పోయి మేస్తుంది. ఇంకోటి వంటింటి గడప వదలదు. ఎక్కువ గ్రుడ్లు పెట్టే కోడిలో ఉన్న రంగే అన్నిటికీ పంచుకుపోతుంది. కడుపులో పురుగులున్న కోడి తిన్నా ఆ రంగు సరిగా ఒంటబట్టదు. పత్తిగింజలు ఎక్కువగా తింటే వాటిలోని గాసిపాల్ వల్ల, నిలవ ఉన్న గ్రుడ్డు సొన ఆకుపచ్చగానో గోధుమరంగుగానో మారుతుంది.

సొన ఒక్కరోజులో తయారయ్యేది కాదు. సుమారు పది రోజులపాటు పొర మీద పొరగా వేగంగా పెరుగుతుంది. దసరా సెలవుల్లో దీన్ని పరీక్షించి చూశాను. ఒక పెట్టను బయటికి వదలకుండా నూకలు, తవుడు మాత్రమే వేశాను. నాలుగైదు రోజులకు సొన రంగు తగ్గింది. పది రోజులు దాటేసరికి, అమ్మకు మాట తెచ్చిన గ్రుడ్డులాగే అయ్యింది. బయట తిరిగే పెట్టల సొనలో మార్పేమీ లేదు.

పాలిపోయిన సొనలో బలం ఉండదనుకోవడమూ పొరపాటే. మాంసకృత్తులకు ఈ రంగుతో సంబంధం లేదు. విటమిన్ 'ఎ' ఉన్నదీ లేనిదీ కూడా రంగు చూసి చెప్పలేము, ఎందుకంటే సొనకు పసుపునిచ్చేది ఆ విటమిన్ కాదు. కాకపోతే కంటికి మేలు చేసే ల్యూటిన్ మాత్రం ముదురు సొనలోనే సాధారణంగా ఎక్కువ. పోనీ ముదురు రంగు నాటు గ్రుడ్డుకు గుర్తా అంటే అదీ కాదు. ఫారాలలో పచ్చ మొక్కజొన్నలు మేపినా, బంతిపూల నుండి తీసిన రంగు మేతలో కలిపినా సొన చక్కగా పచ్చబడుతుంది.

ఇదంతా అమ్మకు చెప్పాను. "వానలు పడితే సొన పచ్చబడుతుందని నాకు తెలియదుట్రా? ఎందుకో చెప్పలేకనే ఆ రోజు నోరు మూసుకున్నాను" అంది. ఆ 'ఎందుకో' నలుగురికీ తెలియాలనే ఈ నాలుగు మాటలు వ్రాశాను.