వార్తల్లో పదం: అంతర

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2017 నుంచి ఉచితంగా వేస్తున్న గర్భనిరోధక సూదిమందు ఇది. మూడు నెలలకోసారి వేయించుకోవాలి. ఇందులోని మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ అండం విడుదలను ఆపుతుంది. నెలసరి గతి తప్పడం, కొందరికి పూర్తిగా ఆగిపోవడం మామూలే. మానేశాక గర్భం నిలవడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. వాడినంతకాలం ఎముకల సాంద్రత కొంత తగ్గుతుంది.

ఈ మందుపై చర్చ పెరగడానికి కారణం 2024లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనం. ఏడాదికి పైగా వాడినవారిలో ఆపరేషన్ అవసరమైన మెనింజియోమా, అంటే మెదడు పొరల్లో పెరిగే కణితి ముప్పు వాడనివారితో పోలిస్తే 5.6 రెట్లు కనిపించింది. ఇది ఎక్కువగా క్యాన్సర్ కాని కణితి, పైగా అరుదు. కాబట్టి హడలిపోనక్కర్లేదు. కానీ సూది వేసేముందే ఈ సంగతులన్నీ వేయించుకునే మహిళకు విడమరచి చెప్పి తీరాలి. ఇక, సుఖవ్యాధులను ‘అంతర’ ఆపలేదు. అందుకు కండోమ్ వాడాల్సిందే.