మెదడు తిండి ఖర్చు

పరీక్షలు దగ్గరపడితే మా విద్యార్థులు "మాస్టారూ, చదివీ చదివీ బుర్ర వేడెక్కిపోయింది" అంటూ వుంటారు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు పలుకుబడుల మీద మక్కువ ఎక్కువ. నిజంగా గట్టిగా ఆలోచిస్తే మెదడు ఎక్కువ తింటుందా?

1955లో అమెరికాలో లూయీ సొకొలాఫ్, ఆయన సహచరులు ఈ సంగతే తేల్చబూనారు. కొందరు యువకులచేత నోటిలెక్కలు చేయించి, ఆ సమయంలో మెదడు ఎంత ప్రాణవాయువు వాడుకొంటున్నదో కొలిచారు. ఊరికే వున్నప్పుడు ఎంతో, లెక్కలు చేసేటప్పుడూ దాదాపు అంతే! పని జరిగే చోట కాస్త ఖర్చు పెరుగుతుందని తరువాత తెలిసింది గాని, మొత్తం పద్దులో అది చిల్లరే.

శరీరం బరువులో నూటికి 2 పాళ్ళుండే ఈ అవయవం, మనం విశ్రాంతిగా వున్నప్పుడు శరీరానికయ్యే ఖర్చులో సుమారు 20 పాళ్ళు ఒక్కతే స్వాహా చేస్తుంది.

దేనికింత ఖర్చు? గోదావరి మీద పాత నాటుపడవ ఎక్కినవారికి తేలికగా బోధపడుతుంది. పడవలోకి నీరు ఊరుతూనే వుంటుంది. ఎవరో ఒకరు తోడి పోస్తూనే వుండాలి. మెదడు కణంలోకి సోడియం అలాగే ఊరుతుంది. కబురు పంపిన ప్రతిసారీ మరికొంత చొరబడుతుంది. దాన్ని బయటికి తోడి, పొటాషియంను లోపలికి లాగకపోతే తరువాతి కబురు కదలదు. మెదడు సంపాదనలో పెద్దభాగం ఈ తోడకానికే సరి.

ఆ కూలికి చెల్లించే నాణెం పేరు ఏ.టి.పి. 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి దాన్ని కండరాలలో కనుగొన్నవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. రక్తం తెచ్చిన గ్లూకోజును ప్రాణవాయువు సాయంతో కరగదీసి, కణంలోని మైటోకాండ్రియాలు ఈ నాణేలు ముద్రిస్తాయి. ఒక్కొక్క గ్లూకోజు అణువుకు సుమారు 30; ప్రాణవాయువు అందకపోతే రెండే రెండు.

చిక్కంతా నిలవలో వుంది. కాలేయానికి, కండరాలకు గాదెలున్నాయి. మెదడుకు చెప్పుకోదగ్గ గాదె లేదు. రక్తం పూర్తిగా ఆగిపోతే సుమారు పది సెకన్లలో స్పృహ తప్పుతుంది.

ఏకాదశి ఉపవాసాలుండే ఆరోగ్యవంతులు కంగారుపడనక్కరలేదు. కాలేయం తన గాదె విప్పుతుంది. పస్తులు రోజుల తరబడి సాగితే మెదడు కొవ్వునుంచి పుట్టే కీటోనులతోనూ చాలావరకు సర్దుకొంటుంది. ఇన్సులిన్ పుచ్చుకొని భోజనం మానినవారి సంగతి వేరు. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

మా సహోపాధ్యాయుడొకాయన ఒకనాడు పాఠం మధ్యలో చెప్పిన వాక్యమే నాలుగుసార్లు చెప్పి, చెమటలు కక్కుతూ, పలకరించబోయిన నామీద కసురుకొన్నారు. పిల్లలు నవ్వారు. వెనక బెంచీ కుర్రవాడొకడు—వాళ్ళ నాన్నగారికీ మధుమేహమేనట—పరుగున వెళ్ళి పంచదార నీళ్ళు తెచ్చాడు. పావుగంటకు మాస్టారు అయిదో వాక్యం అందుకొన్నారు.

ఇటువంటివారిని చూసి తాగారనుకొనేవారున్నారు. మింగగలిగితే చక్కెర ఇవ్వండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యక, తక్షణం వైద్యుణ్ణి పిలవండి.