తెల్లబల్బుకు ఊదా జబ్బు

బిగించిన రోజున పాలలా తెల్లగా వెలిగింది. దసరా వెళ్లి సంక్రాంతి వచ్చేసరికి నేరేడుపండు రంగులోకి దిగింది. దాని పక్కదేమో పాత కాగితంలా పసుపెక్కింది. ఇంకోదాని లోపల నల్లచుక్క... ఇంట్లో తయారుచేసుకున్న ఎల్‌ఈడీ దీపాల్లో తరచూ కనిపించే చిత్రాలివి. కొన్న బల్బయితే దుకాణంలో తిరిగి ఇచ్చేయొచ్చు. సొంతంగా చేసుకున్నదాన్ని ఎవరికివ్వాలి?

విశాఖ ఉక్కునగరంలాంటి చోట ఇదేమీ చిన్న ప్రశ్న కాదు. ఫిట్టర్లూ ఎలక్ట్రీషియన్లూ ఇంజినీర్లూ కాపురముండే టౌన్‌షిప్ అది. సోల్డరింగ్ చేయడం, మల్టీమీటర్ పట్టడం తెలిసిన చేతులకు అక్కడ కొదవేముంది! విడిభాగాల కిట్ తెచ్చుకుంటే 9 వాట్ల బల్బు బిగించడం పది నిమిషాల పని. సరదాకి చేసుకునేవారి సంగతి సరే. ఐటీఐ చదివి, ఉద్యోగం వచ్చేలోగా బల్బులు బిగించి అమ్ముకుందామనుకునే కుర్రాడికి మాత్రం రంగు మారడమంటే చేతిలో డబ్బు పోవడమే. ఏడాది గ్యారంటీ అని చెప్పి ఇచ్చాక, వెనక్కి వచ్చిన ప్రతి బల్బూ నాలుగు బల్బుల లాభాన్ని మింగేస్తుంది. అందుకే జబ్బేమిటో తెలియాలి. బల్బు దాన్ని దాచుకోదు, రంగులోనే చెప్పేస్తుంది.

అసలు తెలుపే పుట్టదు

తెల్లగా వెలిగే ఎల్‌ఈడీలో చిప్ ఇచ్చేది నిజానికి నీలం వెలుగు. ఆ చిప్‌మీద సిలికోన్‌లో కలిపిన పసుపుపచ్చని ఫాస్ఫర్ పొడి పూత ఉంటుంది. అది నీలంలో కొంత తాగేసి పసుపు వెలుగునిస్తుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిస్తే మన కంటికి తెలుపు. అంతే! కాంతిమంతమైన ఆ నీలి ఎల్‌ఈడీ కోసం శాస్త్రవేత్తలు ఏళ్లతరబడి తంటాలు పడ్డారు. అది సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ బహుమతి ప్రకటించింది అక్టోబరు 7న. సరిగ్గా ఐదు రోజులకు హుద్‌హుద్ తుపాను విశాఖను చీకట్లోకి నెట్టింది. తర్వాతి ఏడాది నగరంలో వీధిదీపాలు పెద్దఎత్తున ఎల్‌ఈడీలుగా మారాయి.

నీలానికీ పసుపుకీ మధ్య పొత్తు చెడితే తెలుపు చెడుతుంది. ఫాస్ఫర్ పూత పగిలినా, చిప్‌నుంచి ఊడినా నీలం నేరుగా బయటికొచ్చేస్తుంది. ఊదారంగుకు కారణం అదే. ఇది ఇంట్లో చేసిన బల్బులకే పట్టిన జబ్బు కూడా కాదు. 2021 తర్వాత అమెరికా, కెనడాల్లోని పలు నగరాల్లో వీధిదీపాలే ఊదాగా మారి జనాన్ని విస్తుపోయేలా చేశాయి. అక్కడా దొంగ దొరికింది ఫాస్ఫర్ పూత దగ్గరే.

కొలిమిలో ఒకలా... బల్బులో ఒకలా

ఉక్కునగరంలో వేడికీ రంగుకీ ఉన్న చుట్టరికం ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇనుము వేడెక్కేకొద్దీ ఎరుపు, నారింజ, పసుపు, ఆపైన తెలుపు. కొలిమిలో కరిగిన ఉక్కు దాదాపు 1600 డిగ్రీల సెల్సియస్, అంటే కెల్విన్‌లలో 1870కి కాస్త అటూఇటూ. బల్బు డబ్బామీద కనిపించే 3000, 6500 అంకెలూ ఈ కొలతే. ఆ వేడికి వచ్చే వెలుగు రంగుకి దీటైన రంగు అని అర్థం. ఎల్‌ఈడీకి మాత్రం వేడి పడదు. ఉక్కుకి రంగునిచ్చే వేడే ఎల్‌ఈడీ రంగును తినేస్తుంది. బల్బు తీసుకున్న కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. అది చిప్‌నుంచి అల్యూమినియం ప్లేటుకీ, ప్లేటునుంచి బల్బు ఒంటికీ, అక్కడినుంచి గాలిలోకీ పోవాలి. విశాఖ వేసవి ఉక్కపోతలో, గాలాడని మూత లోపల పోనంటుంది.

అందుకే ప్లేటు కింద థర్మల్ పేస్ట్ మరువకూడదు. అలాగని ఇడ్లీమీద నెయ్యిలా పోసేయకూడదు, పలచగా పూస్తే చాలు. ప్లేటు బల్బు ఒంటికి గట్టిగా ఆనాలి. అదే ముఖ్యం. ఇంకా తేలికైన మందు కరెంటు తగ్గించడం. 9 వాట్ల ప్లేటును, వోల్టేజీ సరిపోయే 7 వాట్ల డ్రైవర్‌తో నడిపితే వెలుగు కొద్దిగా తగ్గినా ఆయుష్షు పెరుగుతుంది. ఎక్కువ వెలుగు చూపించాలన్న యావలో కిట్ తయారీదారులే ప్లేట్లను అరిగేలా నడిపిస్తుంటారు, అది వేరే కథ.

పసుపెక్కితే మొదట అనుమానించాల్సింది ఎల్‌ఈడీని కాదు, పైనున్న ప్లాస్టిక్ మూతని. కరెంటు ఆపి, కొత్త మూత పెట్టి మళ్లీ వెలిగించి చూస్తే తేలిపోతుంది. మూత మంచిదే అయితే చిప్ చుట్టూ ఉన్న తెల్లని ప్లాస్టిక్ వేడికి గోధుమరంగు తిరిగిందేమో చూడాలి. చిప్ కింద వెండిపూత ఉన్న రకాల్లో ఇంకో బెడద... గంధకపు ఆవిరి సోకితే కాలిపట్టీలు నల్లబడ్డట్టే ఆ పూతా నల్లబడుతుంది. నడిమధ్య నల్లచుక్క ఉంటే మాత్రం ఆ చిప్ పని అయిపోయినట్టే. అన్నీ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే మొత్తం ఆరిపోతుంది.

జిగురుదీ నేరమే! వెనిగర్ వాసన వేసే సీలెంట్, కొన్ని రకాల గమ్ములు మూసిన బల్బులో ఆవిరి వదులుతాయి. ఆ ఆవిరి సిలికోన్‌లోకి దూరి, నీలి వెలుగుకీ వేడికీ గోధుమరంగు తిరుగుతుంది. ఇందులో ఒక ఊరట ఉంది. మూత తీసి గాలి తగిలేలా ఉంచి వెలిగిస్తే కొన్నిసార్లు రంగు వెనక్కి వస్తుంది.

పూజగదిలో అంటించిన రంగురంగుల స్ట్రిప్‌ది మరో తరహా. 12 వోల్టులు అందాల్సిన చోట, తీగ పొడవునా వోల్టేజీ తగ్గుతూపోయి చివర్లో ఎర్రబడుతుంది. నీలం, ఆకుపచ్చలకు ఎక్కువ వోల్టేజీ కావాలి, ఎరుపుకి తక్కువ చాలు. స్ట్రిప్ పాడైందని పారేయక్కర్లేదు. రెండో చివరికీ కరెంటు అందిస్తే సరి.

ఇంతకీ విప్పేముందు ఒక్కమాట. డ్రైవర్ ప్లేటుమీదే ఉండే చవక కిట్లలో 230 వోల్టులకూ ఎల్‌ఈడీలకూ మధ్య అడ్డుగోడ ఏమీ ఉండదు. వెలుగుతున్నప్పుడు మూత తీసి తాకితే ప్రాణంమీదికి వస్తుంది. హోల్డర్‌నుంచి తీశాక కూడా కెపాసిటర్‌లో కాసేపు కరెంటు నిలిచే ఉంటుంది. గాలి తగలనిచ్చే పరీక్షైనా తక్కువ వోల్టేజీ దీపాలకే. అమ్మడానికి చేసే బల్బులైతే, మూత జిగురుతో అతికించకుండా ఊరికే నొక్కి, ఒక రాత్రంతా వెలగనిస్తే సరి. బలహీనమైనవి కొన్ని ఇల్లు దాటకముందే దొరికిపోతాయి.