సముద్రపుటొడ్డున మంచినీటి బుగ్గ

సిసిలీలోని సిరక్యూస్ నగరమును క్రీ.పూ. 8వ శతాబ్దిలో కొరింథునుండి వచ్చిన గ్రీకులు స్థాపించిరి. అచ్చట ఒర్టీజియా అను చిన్న దీవిలో, సముద్రపుటొడ్డుననే, అరెతూసా అను మంచినీటి బుగ్గ కలదు. ఉప్పునీటి ప్రక్కన మంచినీ రెట్లు వచ్చినది?

గ్రీకు పురాణము ప్రకారము అరెతూసా ఒక జలదేవత. గ్రీసులోని ఆల్ఫియస్ నదీదేవుడు ఆమెను మోహించి వెంబడించెను. ఆర్టెమిస్ దేవి ఆమెను నీటిగా మార్చి, భూగర్భమార్గమున ఒర్టీజియా చేర్చెను. ఆల్ఫియస్ కూడ సముద్రము క్రిందుగా వచ్చి ఆమెను కలిసెనట! ఒలింపియా వద్ద నదిలో పడిన గిన్నె ఈ బుగ్గలో తేలినదనియు చెప్పుకొనిరి.

సుమారు రెండువేల యేండ్ల క్రిందటనే భూగోళ శాస్త్రజ్ఞుడు స్ట్రాబో దీనిని ఖండించెను. ఆ నది అందరి కండ్లయెదుట సముద్రములో కలియుచున్నది. దానిని మ్రింగు బిల మచ్చట లేదు. అంత దూరము సముద్రములో సాగిన నీరు ఉప్పన గాక మానదు. ఆ దూరము 500 కిలోమీటర్లకు పైమాటే.

అయినను కథకు ఆధారము లేకపోలేదు. ఆల్ఫియస్ పుట్టిన ఆర్కేడియా సున్నపురాతి సీమ. కార్బన్ డయాక్సైడ్ కరగిన వాననీరు ఆ రాతిని క్రమముగా కరగించి సొరంగములు చేయును. అచ్చట ఏరులు నేలలో మాయమై, దూరమున మరల పైకి వచ్చును. గ్రీకులు ఈ వింతనే సముద్రము దాటించిరి.

అరెతూసాలోనిది సిసిలీ వాననీరే. ఇబ్లీ కొండల సున్నపురాళ్ళలో ఇంకిన నీరు, ఎత్తువలన కలిగిన ఒత్తిడితో, పగుళ్ళవెంట వచ్చి తీరమున ఉబుకును. ఈ ఒత్తిడియే ఉప్పునీటిని ఆపుచుండును. భూగర్భజలమును మితిమీరి తోడినచో ఒత్తిడి తగ్గి, సముద్రము లోనికి చొచ్చును. ఏ తీరమందలి బావులకైనను ఇదే నియమము.