పొట్లం వెనుకనున్న అక్షరాలు

"ప్రాసెస్డ్ ఆహారం మానుమంటున్నారు, అంగడిలో దానిని గుర్తుపట్టడం ఎట్లా?" అని యాత్రికులు నన్ను తరచు అడుగుతుంటారు. ప్రశ్న సమంజసమే కాని, అందులో ఒక చిక్కున్నది. పొలంలో పండినది పండినట్లే విస్తరిలోకి రావడం బహుస్వల్పం. వడ్లు దంచితే బియ్యం, నానబెట్టి వేయించి దంచితే అటుకులు, పాలు తోడుపెడితే పెరుగు, వెన్న కాచితే నెయ్యి. ఇవన్నీ సంస్కారాలే. పాణిని అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయంలో 'సంస్కృతం' అనే మాట భాషను గూర్చినది కాదు, సిద్ధపరచిన భక్ష్యాలను గూర్చినది. పెరుగుతో సంస్కరించినది 'దాధికం' అని అక్కడే సిద్ధిస్తుంది. (ఆ సూత్రాలు వల్లె వేసేటప్పుడు విద్యార్థులమైన మాకు ఆకలి హెచ్చేది.)

కనుక సంస్కారమే దోషం కాదు. అది ఏపాటిదన్నదే విచార్యం. బ్రెజిల్ దేశపు ఆచార్యుడు కార్లోస్ మొంతీరో 2009లో ఆహారాన్ని సంస్కారభేదాన్నిబట్టి విభజించే పద్ధతిని ప్రతిపాదించారు. ధాన్యాలు, పండ్లు, పాలవంటివి ఒక కొస. కర్మాగారంలో పిండిసారాలు, నూనెలు, రంగులు, వాసనలు కూర్చి తయారుచేసినవి మరొక కొస. ఈ రెండవ కొసనున్న వాటితోనే జాగ్రత్త.

పొట్లం ముందుభాగం ఇందుకు పనికిరాదు. అక్కడ గోధుమకంకి బొమ్మ ఉంటుంది. వెనుకకు త్రిప్పి ముడిపదార్థాల జాబితా చదవండి. మన దేశపు నిబంధనల ప్రకారం బరువులో అధికమైనది మొదట, అల్పమైనది చివర వ్రాయాలి. గోధుమ బిస్కెట్టని కొన్నదానిలో మొదటి పేరు మైదా, తరువాతివి చక్కెర, పామాయిలు అయితే అది దేని బిస్కెట్టో మీరే నిర్ణయించవచ్చు. చక్కెరకు మారుపేర్లున్నవి: గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ వంటివి. అంకెలు కనబడితే బెదరిపోనక్కరలేదు. 330 అంటే సిట్రిక్ ఆమ్లం, నిమ్మపండులోని పులుపే. 211 నిల్వకు వేసే సోడియం బెంజోయేట్. 621 రుచికి వేసే గ్లుటామేట్. వంటింట్లో లేని పేర్లు ఎంత ఎక్కువైతే ఆ పొట్లం అంగడిలోనే ఉండడం అంత మేలు.

వైద్యులు ఉప్పు తగ్గించమన్నది మొదలు మా ఇంటావిడ భూతద్దం పట్టుకొని సోడియం అంకెలు చదువుతున్నది. ఆ అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. పెద్దలకు రోజు మొత్తానికి ఐదు గ్రాముల ఉప్పుకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తీపి బిస్కెట్టులో సైతం సోడియం ఉంటుందన్నది మా ఇద్దరికీ వింతైనది. లేబుళ్లు చదవమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి ఆహార మార్గదర్శకాలలో కూడా చెప్పింది.

ఏకాదశినాడు ధాన్యం విడిచేవారికి ప్రత్యేకంగా ఒక మాట. అంగడిలో డబ్బాలలో వచ్చే ఇంగువ చాలావరకు 'కాంపౌండెడ్' ఇంగువ. అందులో బంక, మైదా లేదా బియ్యపుపిండి కలుస్తాయి. జాబితా చూడక పోపు వేస్తే ఉపవాసనియమానికి భంగమే.

అన్నదానానికి సరుకులు సమర్పించే దాతలు నేతిడబ్బా వెనుక కూడా చూడాలి. అక్కడ పాలకొవ్వు తప్ప మరొకటి ఉండరాదు. వనస్పతి, వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది నెయ్యి కాదు, ధర ఎంతైనా సరే.

విడిగా అమ్మే బెల్లానికి చదవడానికి జాబితా లేదు. హైడ్రోస్ అనే రసాయనం వేసి రంగు తేల్చడం ఉన్నది గనుక మిలమిలలాడే పసుపు అచ్చును నేను ప్రక్కకు పెట్టి, ముదురురంగుదే అడుగుతాను. "అది చూపుకు బాగుండదు స్వామీ" అని మా దుకాణదారు ఇప్పటికీ అంటూనే తూచి ఇస్తాడు.